డప్పు పక్కన పెట్టి పిల్లనగ్రోవి: తెలుగు సినిమా పాటలో మన జాడ



ఈసారి ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. ఏదైనా పాత తెలుగు సినిమా పెట్టుకుని కళ్లు మూసుకోండి. వీణ వినిపిస్తే తెర మీద ఏముంటుందో చూడకుండానే చెప్పేస్తారు. పెళ్లిచూపులో, పూజగదో, తలంటు పోసుకుని జుట్టారబెట్టుకుంటున్న పెద్దింటి ఆడపిల్లో. సన్నాయి మోగితే పెళ్లి. పిల్లనగ్రోవి అయితే ఏటి గట్టు, వెన్నెల, ప్రేమ. మరి డప్పు మోగితే? శవం లేస్తోంది. లేదంటే జాతర. లేదంటే తాగి ఊగుతున్న గుంపు. లేదంటే దొర మనుషులు ఊరి మీద పడుతున్నారు. ఎనభైల తర్వాత ఇంకోటి కలిసింది, తిరుగుబాటు. ప్రేమించుకుంటున్న ఇద్దరి వెనక ఒకే ఒక్క డప్పు మెల్లగా మోగిన సన్నివేశం మీకు గుర్తుందా? నాకైతే ఒక్కటీ గుర్తు రాలేదు.

ఏ వాద్యానికీ పుట్టుకతో ఒక భావం అంటుకుని ఉండదు. వినేవాళ్ల చెవికి అలవాటు చేస్తారు. వీణ మీద శోకం పలికించొచ్చు, డప్పు మీద లాలి పాటకు దరువు వేయొచ్చు. కానీ 1932లో భక్త ప్రహ్లాద వచ్చిన నాటి నుంచి తెలుగు సినిమా ఒక్కో చప్పుడుకు ఒక్కో కులాన్నీ ఒక్కో గుణాన్నీ కట్టబెడుతూ వచ్చింది. డైలాగుల్లో కులం పేరెత్తితే సెన్సారు ఉంది, గొడవలు ఉన్నాయి, కోర్టులు ఉన్నాయి. వాద్యం చెప్పే కులానికి సెన్సారు లేదు. అందుకే మనం కథల గురించి, పాత్రల గురించి మాట్లాడుకున్నంతగా పాట గురించి మాట్లాడుకోలేదు. ఈ భాగం దాని కోసమే.

ముందు డప్పు గురించి తెలియని పట్నం పిల్లలకు రెండు మాటలు. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద బిగించిన తోలు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. మంటకు కాచి తోలు బిగిస్తే గాని గొంతు రాదు. కొన్నిచోట్ల పలక అంటారు, కొన్నిచోట్ల తప్పెట అంటారు. తోలు ఊనేది, చట్రానికి బిగించేది, వాయించేది మాదిగ వాళ్లు. దీనికి ఒక దరువు కాదు. సావుకు వేరే, పెళ్లికి వేరే, ఎల్లమ్మ బోనానికి వేరే, ఊళ్లో చాటింపుకు వేరే. శవం ఇంటి దగ్గరున్నప్పటి దెబ్బా, పాడె లేచాక నడకలో వేసే దెబ్బా ఒకటి కావు. తెలిసినవాళ్లు పొలంలో ఉండి చప్పుడు విని ఊళ్లో ఏం జరిగిందో చెప్పేస్తారు. అంటే అదొక భాష. సినిమా ఆ భాషలోంచి రెండు మూడు కేకలు మాత్రం తీసుకుని మిగతాది పారేసింది.

ఇక్కడ ఒక చిక్కుంది, దాటేసి పోలేం. డప్పు మన గర్వం మాత్రమే కాదు, మన వెట్టి కూడా. ఊరి పెద్ద ఇంట సావైతే కబురు రాగానే పోయి కొట్టాలి, కూలి ఉండదు, కొలువు కింద ఇంత గింజలు పడేస్తారు. కొట్టనంటే దెబ్బలు. అందుకే మన పెద్దల్లో కొందరు డప్పు పట్టమని ఒట్టేసుకున్నారు. వాళ్లది తప్పని ఎవరంటారు? మరోవైపు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరు పెట్టుకుంది, డప్పునే గుర్తు చేసుకుంది. వెట్టి కోసం మోగినదాన్నే హక్కు కోసం మోగించారు. తమిళనాట పఱై చుట్టూ ఇదే వాదన నడిచింది. వదిలేయాలా, ఎత్తుకోవాలా అన్నది మనలో మనం తేల్చుకోవాల్సిన సంగతి. సినిమా చేసింది మాత్రం మూడోది. డప్పును ఉంచుకుని మనిషిని తీసేసింది. కొన్నిసార్లు మనిషిని ఉంచి డప్పు తీసేసింది.

రెండోది ముందు చూద్దాం, ఎందుకంటే చరిత్రలో అదే ముందు.

1938. మాలపిల్ల. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు, సారథి వాళ్ల సినిమా, కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. బ్రాహ్మణ కుర్రవాడు, మాల అమ్మాయి, మధ్యలో గుడి. అప్పటి రోజులు గుర్తు చేసుకోండి. గాంధీ హరిజన యాత్ర అయిపోయి నాలుగేళ్లు. తిరువాన్కూరులో 1936లో గుళ్లు తెరిచారు. మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం ఉంది. ఆ రోజుల్లో ఈ పేరుతో సినిమా తీసి హాళ్లలో ఆడించడం చిన్న సాహసం కాదు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ పాటల దగ్గరికి రండి. ఆ సినిమా పాటల్లో ఇవాళ్టికీ జనం తలుచుకునేది బసవరాజు అప్పారావుది. నల్లనివాడైన కృష్ణుడి మీద, గొల్లపిల్లవాడి మీద కట్టిన గేయం. అప్పారావు 1933లోనే చనిపోయాడు. అంటే ఈ సినిమా కోసం రాసింది కాదు, ఉన్న గేయాన్ని తెచ్చి పెట్టుకున్నారు. చాలా మంచి గేయం, అందులో అనుమానం లేదు. అయితే మాలపల్లె కథలో మాలపల్లె పాట ఎందుకు లేకపోయింది?

లేక కాదు. 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాజన సభ జరిగింది. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడితే, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 1921లో ఈ నల్లదొరతనం కూడా మాకొద్దని పాట కట్టి పుస్తకం వేశాడు. అంటే సినిమా వచ్చే నాటికి పదిహేడేళ్ల ముందే వాడ తన గొంతుతో, తన కోపంతో పాడుతోంది. ఆ గొంతు సినిమాలోకి వస్తే గుడి తలుపు తెరిచిన మంచివాళ్ల కథ కాస్తా తలుపు మూసినవాళ్ల కథ అయిపోతుంది. నల్లని కృష్ణుడైతే ఆ ఇబ్బంది లేదు. నలుపు అందంగా వస్తుంది, కులం తియ్యగా కరిగిపోతుంది.

సినిమాకు ముందు నాటకం ఉంది కదా, దాని సంగతి కూడా ఇక్కడే. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను అంటే మన ఊళ్లలో తెల్లవార్లూ మేలుకుని చూసేవాళ్లు. ఆ సీనులో పాడే జాషువా శ్మశాన పద్యాలు ఎంత పేరుపడ్డాయో పెద్దవాళ్లను అడగండి. రాసింది వెలివాడ కవి. పద్యంలో చెప్పింది మట్టిలో అందరూ ఒకటేనని. నాటకం రాబట్టుకున్న కన్నీళ్లు మాత్రం వేరే దాని మీద. అయ్యో, రాజు పోయి పోయి కాటికాపరి వీరబాహుడికి బంటు అయ్యాడే! పుట్టినప్పటి నుంచి కాటిలో ఉన్న వీరబాహుడి కోసం ఒక్క చుక్క రాలదు, అతను చాలా చోట్ల తాగుబోతు హాస్యం. ఒక దళిత కవి మాటను తీసుకుని, దళితుడి దగ్గర పనిచేయాల్సి రావడమే మహా దుఃఖమని జనం చేత ఏడిపించారు. పాటకు ఏ సందర్భం తగిలించారన్నది మాటకంటే బలమైనది అని నేను అనడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకక్కర్లేదు.

కృష్ణుడి దారి ఒకటి, నందనార్ దారి ఇంకొకటి. 1959లో జయభేరి వచ్చింది. పి. పుల్లయ్య దర్శకత్వం, పెండ్యాల సంగీతం, అక్కినేని హీరో. శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు పగటివేషాల మేళం అమ్మాయిని ప్రేమించి కులానికి వెలి అవుతాడు. అందులో ఘంటసాల పాడిన నందుడి చరిత్ర ఉంది. నందనార్ తమిళ దేశపు పొలం కూలీ, అంటరానివాడు, శివభక్తుడు. 12వ శతాబ్దపు పెరియపురాణంలో ఉన్నాడు, 19వ శతాబ్దంలో గోపాలకృష్ణ భారతి చేతిలో కొత్తగా పుట్టాడు, తమిళంలో 1935లోనూ 1942లోనూ తెరకెక్కాడు. కథ మీకు తెలుసు. చిదంబరం గుడిలోకి పోవాలంటే అగ్నిలో దూకి శుద్ధి కావాలి. దూకాడు, బ్రాహ్మణ మునిలా బయటికి వచ్చాడు, దేవుడిలో కలిసిపోయాడు. అంటే కూలీ నందుడు మిగల్లేదు. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించి చూస్తే అంత వణుకు పుట్టే కథ ఇది. మనవాడు లోపలికి రావచ్చు, కాలిపోయాక.

ఇక 1981, సప్తపది. కె. విశ్వనాథ్ సినిమా, వేటూరి పాటలు, కె.వి. మహదేవన్ సంగీతం. ఈ సినిమాను తిట్టడానికి నేను పూనుకోలేదు, ముందే చెబుతున్నా. ఒక వేదపండితుడు తన మనవరాలిని తానే వెంటబెట్టుకుని హరిజన యువకుడికి అప్పగించే ముగింపు ఆ రోజుల్లో పెట్టడానికి గుండె కావాలి. శంకరాభరణం హోరు ఇంకా ఆగలేదు, అదే సోమయాజులు, అదే జనం. నేను అడిగేది ఒక్కటే, హరిబాబు చేతిలో ఏముంది? పిల్లనగ్రోవి. అతను ఎవరో, ఎక్కడ నేర్చుకున్నాడో, వాళ్ల ఇంట్లో ఏ చప్పుడు మధ్య పెరిగాడో పక్కన పెట్టండి. అతని చేతిలో డప్పు ఉంటే ఈ సినిమా నడిచేదా? ఆ అమ్మాయి ఆడే నాట్యానికి అతను డప్పు కొట్టి ఉంటే, ఆ ప్రేమ ప్రేక్షకుడికి పవిత్రంగా అనిపించేదా? కులం నీదేదని అడిగితే గోకులం నవ్విందనే అర్థంలో సాగే పాట ఈ సినిమాకు గుండెకాయ. మళ్లీ గోకులమే. 1938లో గొల్లపిల్లవాడు, 1981లో గోకులం. నలభై మూడేళ్లలో దళితుడిని పాటలోకి తేవడానికి కృష్ణుడి పూచీకత్తు తప్పనిసరిగానే ఉండిపోయింది.

ఇంకొకటి గమనించండి. పాట ఎవరి మనసులో మోగుతోంది? ఏడ్చేది యాజులు, తేల్చుకునేది యాజులు, ఎదిగేది యాజులు. హరిబాబు ఊదుతాడు, ఎదురుచూస్తాడు. సినిమా పాటలో భావం ఎవరిదో కెమెరా చెబుతుంది. ఎవరి ముఖం మీద చరణం మొదలై ఎవరి కళ్ల దగ్గర ఆగుతుందో చూడండి. సినిమా క్లబ్బుల్లో ఉన్న విద్యార్థులు ఒకసారి సౌండ్ తీసేసి ఈ లెక్క రాసుకోండి, ఆశ్చర్యపోతారు.

1988లో రుద్రవీణ. ఇక్కడ సంగీతమే గొడవకు కేంద్రం. తండ్రి బిలహరి గణపతిశాస్త్రికి సంగీతం మడి, కొడుకు సూర్యానికి జనం బాధ లేని సంగీతం దండగ. అతను ప్రేమించింది కింది కులం అమ్మాయిని. ఆమె కూడా శాస్త్రీయ నృత్యం తెలిసిన అమ్మాయే. మళ్లీ అదే అర్హత పరీక్ష. కానీ ఈ సినిమాకు సంగీతం ఇచ్చింది ఇళయరాజా. పణ్ణైపురం దళిత కుటుంబం నుంచి, అన్న పావలర్ వరదరాజన్‌తో కలిసి కమ్యూనిస్టు పార్టీ సభల్లో ఊరూరా పాడుతూ వచ్చినవాడు. 1976లో అన్నక్కిళితో తమిళ సినిమా చెవినే మార్చేశాడు. బ్రాహ్మణ విద్వాంసుడి ముందు సంగీతం ఎవరిదని ఒక కొడుకు నిలదీసే కథకు బాణీలు కట్టింది ఈ మనిషి అన్న సంగతి తెలిసి ఆ పాటలు వింటే వేరేగా వినిపిస్తాయి. నాకు అలాగే వినిపిస్తాయి. సప్తపదికీ రుద్రవీణకూ రెండింటికీ జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ పురస్కారం వచ్చింది. సమైక్యత అన్న మాటకు ఢిల్లీ అర్థం ఏంటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మనం వాళ్ల సంగీతం నేర్చుకుని వాళ్ల గడప ఎక్కడం. వాళ్లు మన దరువు నేర్చుకుని మన వాడకు వచ్చిన సినిమాకు ఈ అవార్డు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఇంకో దారి. మనిషిని తీసేసి చప్పుడును ఉంచుకోవడం.

1955లో రోజులు మారాయి. తాపీ చాణక్య దర్శకత్వం, మాస్టర్ వేణు సంగీతం, కొసరాజు పాట, జిక్కి గొంతు. ఏరువాక పాట అంటే చాలు, అందరికీ తెలుసు. పొలం పని పాటల వరసలోంచి తీసుకున్న బాణీ. తెర మీద దానికి వహీదా రెహమాన్ నర్తించింది, ఆ పాటతోనే దేశానికి తెలిసింది. కొసరాజు మీద నాకు గౌరవం ఉంది. 1939లో రైతుబిడ్డకు రాసిన నాటి నుంచి ఆయన మట్టి వాసన వదల్లేదు. ఆ సినిమాను జమీందార్లు ఆపించారు కూడా. కానీ చాళ్లో నడిచే కూలీ ఊపిరి పట్టుకోవడానికి పాడుకునే బాణీ, కూర్చుని చూసేవాళ్ల కోసం ఆడే ఆటగా మారినప్పుడు ఏం జరిగింది? పనిపాటలో పాట పనికి పనిముట్టు. అలుపు మరిపిస్తుంది, అడుగు కలుపుతుంది, వంగిన నడుం లేపుతుంది. సినిమాలో అదే పాట పండగ. ఇంకా కొంచెం ముందుకు పోండి. 1960లో బొంబాయి కా బాబు అనే హిందీ సినిమాలో ఎస్.డి. బర్మన్ అదే బాణీని తీసుకున్నాడు. ఆశా భోంస్లే పాడింది. ఇప్పుడది కొంటె ప్రేమపాట. ఏరువాకా లేదు, ఎడ్లూ లేవు, చాలూ లేదు. మూడు మెట్లలో పొలం మాయమైంది, బాణీ మిగిలింది. బాణీకి మొదటి యజమాని ఎవరని ఎవరూ అడగలేదు, ఎందుకంటే జానపదానికి యజమాని ఉండడని మనందరికీ ముందే నేర్పేశారు.

ఈ రెండు దారులనూ ఒకేసారి దెబ్బకొట్టిన పాట 1979లో వచ్చింది. మా భూమి. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు, కృష్ణ చందర్ ఉర్దూ నవల ఆధారం. అందులో తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాటను గద్దర్ తెర మీదకు వచ్చి పాడాడు. తూప్రాన్ వెలివాడ నుంచి వచ్చిన గుమ్మడి విఠల్ రావు. సినిమా పాట అంటే అప్పటిదాకా ఒకరు పాడతారు, పెదవులు ఇంకొకరు కదుపుతారు. పాడినవాడి ఒళ్లు కనపడదు. ఇక్కడ గొంతూ ఒళ్లూ ఒకటే. దాని దెబ్బ మామూలుది కాదు.

పాట కట్టు కూడా చూడండి. శాస్త్రీయ వరస సినిమా పాటలో ఒకడు పాడతాడు, మిగతావాళ్లు తల ఊపుతారు. శంకరాభరణంలో జనం వరండాలో కూర్చుని ఆనందిస్తారు, అంతే. ఈ పాటలో ఒకడు ఎత్తుకుంటాడు, గుంపు వంత అందుకుంటుంది. వంత లేకపోతే పాటే లేదు. వినేవాడికి తల ఊపే పని కాదు, గొంతు కలిపే పని. హాల్లో కూర్చున్నవాడు కూడా ఆ వంతలోకి లాగబడతాడు. భావం పుట్టే చోటే మారిపోయింది, ఒక ముఖంలో నుంచి ఒక గుంపులోకి. జన నాట్య మండలి ఊరూరా చేసింది ఇదే, సినిమా దాన్ని రికార్డు చేసింది. 1983లో నర్సింగరావే తీసిన రంగుల కల వచ్చింది. గూడ అంజయ్య పాటను గద్దర్ పాడాడు. ఊరు వదిలి పట్నం బతుకుకు వచ్చినవాడికి జాగ్రత్తలు చెప్పే పాట. వలస వచ్చిన మనవాళ్ల భయానికి తెలుగు సినిమాలో అంతకుముందు మాటే లేదు.

1995. ఒరేయ్ రిక్షా. దాసరి దర్శకత్వం, ఆర్. నారాయణమూర్తి, వందేమాతరం శ్రీనివాస్ సంగీతమూ గొంతూ. చెల్లెలి పాదం మీద పుట్టుమచ్చగా పుట్టాలని అన్న కోరుకునే గద్దర్ పాట. ఏడవని ఇల్లు లేదు. అన్నాచెల్లెళ్ల పాటలు తెలుగులో కొల్లలు, కానీ ఇందులో ఆ పాదం దగ్గర నేను ఆగిపోతాను. పాదాల నుంచి పుట్టినవాడు శూద్రుడని, ఆ పాదాల లెక్కలో కూడా చోటు లేనివాడు అంటరానివాడని వేల ఏళ్లుగా చెప్పించుకున్న జాతి మనది. ఆ జాతి కవి, ప్రేమకు అన్నింటికంటే ఎత్తయిన చోటుగా పాదాన్నే ఎంచుకున్నాడు. నుదుటి బొట్టునవుతానని అనలేదు, మెడలో హారమవుతానని అనలేదు. గద్దర్ ఈ ఆలోచనతోనే రాశాడని నేను అనను, ఇది నా చదువు మాత్రమే. కానీ రిక్షా తొక్కేవాడికి పాదం అంటే ఏంటో ఆ పాటకు తెలుసు. దానికి నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలేదు. 2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు మీదే సినిమా అవార్డులు పంచింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదువుకోండి, నేను వ్యాఖ్య రాయను.

అదే తొంభైల్లో కంచికచర్ల నుంచి వచ్చిన కలేకూరి ప్రసాద్ శ్రీరాములయ్యకు పాట రాశాడు. 2002లో గోరటి వెంకన్న పాట కుబుసం సినిమాలోకి వచ్చింది, చేతివృత్తులు కూలిన పల్లె ఏడుపు అది. ఇద్దరి గురించీ విడిగా రాయాలి, ఇక్కడ నాలుగు మాటల్లో కుదించడం అన్యాయం. ఒక్క సంగతి మాత్రం. ఈ పాటల్లో చాలావరకు సినిమా కోసం పుట్టినవి కావు. సభలో, ధర్నాలో, జాతాలో పుట్టి, జనం నోట నలిగి, పేరు వచ్చాక సినిమా పిలిచింది. సినిమా మనకు పాట ఇవ్వలేదు. మన పాట అడిగి పుచ్చుకుంది.

అడగకుండా పుచ్చుకోవడం కూడా ఉంది. మన రోజుల్లోకి వద్దాం.

2021లో లవ్ స్టోరీ. శేఖర్ కమ్ముల సినిమా. హీరో దళిత క్రైస్తవ యువకుడు, ఆ మాట దాచకుండా చెప్పిన పెద్ద సినిమా కాబట్టి మనవాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను. హీరో బతుకుతెరువు ఏంటి? జుంబా సెంటర్. నలభై ఏళ్ల క్రితం పిల్లనగ్రోవి, ఇప్పుడు జుంబా! డప్పు వాయించమని నేను కోరడం లేదు, దళితుడు జుంబా ఎందుకు చేయకూడదు, హాయిగా చేయాలి. చర్చి కోయిర్‌లో పెరిగిన పిల్లవాడికి పాటా ఆటా ఎలా వచ్చాయో కాస్త చూపించి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది. మన వాడల్లో వేల మందికి మొదటి మైకు చర్చిదే కదా. అదే సినిమాలో సారంగ దరియా పాట ఊపేసింది, దానితోపాటే గొడవా లేచింది. ఆ జానపదాన్ని పల్లెలో సేకరించి ముందుగా టీవీలో పాడిన గాయని, నా సంగతేంటని అడిగింది. తర్వాత రాజీ అయింది. కానీ ఆ ప్రశ్న రాజీతో తీరేది కాదు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా హక్కు వచ్చింది, రాసిచ్చేసినా పోని హక్కు. జానపదం అని వేసిన చోట ఆ వాటా ఎవరికి? పాడి పాడి దాన్ని బతికించిన అవ్వకు కాదు.

2023 మార్చిలో ఆస్కార్ వచ్చిన నాటు నాటు పాట వినండి. తెల్లదొరల నాట్యానికి పోటీగా మన మట్టి సరుకంతా వరుసపెట్టి చెబుతాడు చంద్రబోస్. అందులో కిర్రు చెప్పులు వస్తాయి. వినగానే నాకు నవ్వూ వచ్చింది, కడుపులో మంటా వచ్చింది. కిర్రుమనే తోలు చెప్పు కుట్టింది ఎవరు? ఆ చెప్పులు వేసుకుని ఊళ్లో నడవకూడదని ఎవరికి చెప్పారు? ఊరి వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతలు మన ఇళ్లలో ఉన్నారు. తెల్లవాడి ముందు ఆ చెప్పు దేశం మొత్తానికీ గౌరవం అయింది, మంచిదే. ఊరి ముందు మాత్రం ఆ లెక్క ఇంకా తేలలేదు.

అదే ఏడాది బలగం. వేణు యెల్దండి తీశాడు, భీమ్స్ సంగీతం. ఈ సినిమా దగ్గర నా గొణుగుడు కాసేపు ఆపుతాను. చివర్లో పస్తాపూర్ కాదు, ఏ స్టూడియో కాదు, బుడిగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ కూర్చుని పోయిన మనిషి మీద పాడతారు. చనిపోయినవాళ్ల మీద కథ కట్టి పాడటం వాళ్ల వృత్తి. హీరో పెదవి కదపడు, డ్యాన్సు లేదు. ఎవరి పాటను వాళ్లే, ఎందుకు పుట్టిందో ఆ పనికే, పాడారు. ఫలితం మీరు చూశారు. గ్రామపంచాయతీల దగ్గర తెరలు కట్టి ఊళ్లకు ఊళ్లు కలిసి చూశాయి. మాటలు లేని అన్నదమ్ములు కలిశారని పేపర్లు రాశాయి. వంద వయొలిన్లు చేయలేని పని రెండు గొంతులు చేశాయి. వృత్తి పాటను దాని చోట దాన్ని ఉండనిస్తే ఎంత బలమో దీంతో తెలిసింది. మొగిలయ్య అప్పటికే కిడ్నీ జబ్బుతో ఉన్నాడు. 2024 డిసెంబర్‌లో పోయాడు.

ఇంకో మొగిలయ్య, దర్శనం మొగిలయ్య. 12 మెట్ల కిన్నెర ఆయనది, డక్కలి వాళ్ల వాద్యం. జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లు మాదిగ వాళ్లకు ఆశ్రితులు, అంటే వెలివాడకు కూడా వెలుపల ఉన్నవాళ్లు. పండుగ సాయన్న కథ ఆయన నోట వినాలి. భీమ్లా నాయక్ టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తున్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. ఆ పాట మొదట్లో ఆయన గొంతు ఉన్నది కొద్ది సెకన్లు. ఆ తర్వాత హీరో పాట మొదలవుతుంది.

మధ్యలో పలాస 1978 గురించి చెప్పకపోతే పొరపాటవుతుంది. 2020 మార్చిలో వచ్చింది, కరుణ కుమార్ దర్శకత్వం, రఘు కుంచె సంగీతం. దళిత అన్నదమ్ములు, ఆటాపాటా తెలిసిన కుటుంబం, జీడిపప్పు ఊరి కులం లెక్కలు. ఇందులో పాడేవాళ్లకు ఇల్లుంది, కోపముంది, ఆకలుంది. ఉత్తరాంధ్ర జానపదం మీద కట్టిన నక్కిలీసు గొలుసు పాట పెళ్లి ఊరేగింపుల్లో ఇవాళ్టికీ మోగుతోంది. దానికి ఎగిరేవాళ్లలో ఎంతమంది ఆ సినిమా చూశారో! ఊరేగింపులో పాట పోతుంది, కథ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. తమిళంలో మారి సెల్వరాజ్, పా. రంజిత్ సినిమాల్లో పాట పాడుతున్నవాడిని వదిలి బయటికి రాదు. తేడా ప్రతిభలో లేదు. దర్శకుడి కుర్చీలో, సంగీతం గదిలో, డబ్బు పెట్టే చోట మనవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదాంట్లో ఉంది. రంజిత్ 2018 నాటికి క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ పేరుతో ఒక పాటల బృందాన్నే నిలబెట్టాడు, గానా పాడేవాళ్లనూ ర్యాప్ పాడేవాళ్లనూ ఒకే వేదిక మీదకు తెచ్చాడు. మన దగ్గర పాడేవాళ్లకు కొదవ లేదు, అలాంటి వేదికే లేదు.

వచ్చే భాగానికి నాకు మీ సాయం కావాలి. మీ ఊళ్లో డప్పు కొట్టే పెద్దల దగ్గరికి పోయి కూర్చోండి. ఎన్ని దరువులు వచ్చో, ఒక్కోదాన్ని ఏమని పిలుస్తారో, ఏ సందర్భానికి వేస్తారో రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేస్తే వాళ్ల అనుమతితోనే చేయండి, వాళ్ల పేరు, ఊరు వాళ్లు చెప్పమంటేనే రాయండి. ఉత్తి చేతుల్తో పోకండి, ఒక పూట కూలి పోగొట్టుకుని మీకు చెబుతారు, ఆ కూలి ఇచ్చి రండి. ముఖ్యంగా ఒకటి అడగండి. పెళ్లిలో పిల్లను పంపించేటప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు వేసే మెల్లటి దెబ్బ ఏదైనా ఉందా, ఇప్పటికీ ఎవరికైనా వచ్చా అని.